ఇరుక్కుంటే చూడొద్దు

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరు తయారుచేసిన తుపాకీని వాళ్ళే పోటీకి తీసుకెళ్ళాలి. పదిమంది ముందు కాల్చి, మొదటి స్టేజి నుంచి చివరి స్టేజి దాకా ఏ తప్పూ చెయ్యకుండా ఇంటికి తీసుకురావాలి. గెలవక్కర్లేదు. అందరికంటే ఆఖరున వచ్చినా పర్వాలేదు. మధ్యలో గెంటించుకోకుండా వస్తే చాలు. అప్పుడే ఆ తుపాకీ మీద తన గుర్తు కొట్టుకునే హక్కు వస్తుంది. అంతవరకూ ఎన్నేళ్ళు ఆకురాయి పట్టినా, చేసిందంతా నాన్న గుర్తుతోనే బయటికి పోతుంది.

నాన్న గుర్తు కోడికత్తి. అన్న రెనాంతెది చేపముల్లు. నాది గవ్వ. ఆ అచ్చు నేనే చెక్కుకున్నాను. ఉక్కు కడ్డీ చివర బియ్యపుగింజంత గవ్వ, మధ్యలో పళ్ళతో సహా. ఒక్కసారి కూడా దేనిమీదా పడకుండా అది ఏళ్ళ తరబడి ఒక అగ్గిపెట్టెలో ఉండిపోయింది.

మా ఊరు దనావ్‌లో మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా ఆకురాయి చప్పుడు వినిపిస్తుంది. మా తాత రోజుల్లో పోలీసు జీపు మలుపు తిరిగితే ఆ చప్పుడు ఆగిపోయేదట. ఇప్పుడు సహకార సంఘం ఉంది, గోడలకు లైసెన్సులు వేలాడుతున్నాయి, పోలీసులే బేరానికి వస్తున్నారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే పని. తుపాకీ పైన ముందుకీ వెనక్కీ జారే స్లయిడ్ కూర్చడంలో మా అన్న నా కాలిగోటికి సరిపోడు, ఆ మాట వాడి ముందే అంటాను. అయితే నేను కాల్చడమంటే, పెరట్లో ఇసుక పీపాలోకి రెండు తూటాలు కొట్టి, పనిచేస్తోందని చూసి పక్కన పెట్టడమే. కూత వినగానే ఒరలోంచి తీసి, పరుగెడుతూ, వంగుతూ, తడికెల చాటునుంచి కాల్చే పోటీలకు మా ఇంట్లో మగవాళ్ళే వెళ్ళేవారు. సాయంత్రం వాళ్ళు మసి పట్టిన తుపాకులు తెచ్చి నా ముందు పడేసేవారు, నేను తుడిచేదాన్ని. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు నా తుపాకీ నేను చేసుకున్నాను. పిడి నుంచి గొట్టం దాకా ప్రతి ముక్కా నాదే, ఒక్కటి తప్ప. కాల్చిన తర్వాత ఖాళీ తూటాను బయటికి లాగే చిన్న కొక్కెం ఒకటుంటుంది. అది కూడా కోసి పెట్టుకున్నాను. తుపాకీ బిగించే రోజు నాన్న తన బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి అరచెయ్యి చాపాడు. అందులో ఒక కొత్త కొక్కెం మెరుస్తోంది.

"ఇది వేసుకో ఇందాయ్. నీ మొదటి తుపాకీలో నాదీ ఒక ముక్క ఉండనీ."

ఇందాయ్ అంటే మా వైపు అమ్మాయ్ అన్నట్టు; నా పేరు నెలిదా. మా నాన్న పేరు క్రిస్పులో, ముద్దు మాటలాడే మనిషి కాదు. నా కొక్కెం తీసి అగ్గిపెట్టెలో గవ్వ పక్కన పడేసి, ఆయనది బిగించాను. మా వర్క్‌షాపులో ఎవరి చేతి ముక్క అయినా సరే, గోటితో తడిమి చూడకుండా బిగించకూడదు. నాన్న ఇచ్చినదాన్ని తడిమి చూడాలని నాకు తోచనే లేదు. ఆ రోజుల్లో ఆయన దీపం వెలుతురు చాలట్లేదని తరచూ బల్బు మార్పించేవాడు. అదీ నేను పట్టించుకోలేదు.

ఆ తర్వాత ప్రతి ఉదయం పెరట్లో పాఠం. నాన్న చేతిలో ఒక వెదురు బద్ద ఉండేది.

"మనవాళ్ళని పోటీలోంచి గెంటించేది గురి తప్పడం కాదు," అనేవాడు. "మన పనే మనల్ని గెంటిస్తుంది. తుపాకీ ఇరుక్కుందనుకో. మామూలు మనిషైతే ఓ తిట్టు తిట్టి, లాగి, మళ్ళీ కాలుస్తాడు. మనవాడలా కాదు. ఎందుకిరుక్కుందా అని దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుంటాడు. వెలుగుకేసి పక్కకి తిప్పుతాడు. గొట్టం మూతి ఎవడి పొట్టకేసి ఉందో వాడికి పట్టదు. వెనకాల పోటీ నడిపే రేంజి ఆఫీసరు 'ఆపు' అంటాడు. ఇక ఇంటికే."

"మానోయ్ రెనాంతె మొదటిసారి అలాగే వచ్చాడు కదూ?" అన్నాను, అన్నకు వినపడేట్టుగా; మానోయ్ అంటే అన్నే.

"పొట్టకేసి కాదు, తొడకేసి," అన్నాడు వాడు లోపల్నుంచి. "అబద్ధాలు ప్రచారం చెయ్యకండి."

నాన్న నా మ్యాగజైన్లో, అంటే పిడిలోకి తోసే తూటాల పెట్టెలో, మంచి తూటాల మధ్య ఎక్కడో ఒక కాల్చేసిన ఖాళీ తూటా పెట్టేవాడు. ఎక్కడ పెట్టాడో చెప్పేవాడు కాదు. నేను ఇసుక పీపాకేసి కాల్చుకుంటూ పోతుంటే హఠాత్తుగా ఇరుక్కునేది. వెంటనే నా మణికట్టు దానంతటది వెలుగుకేసి తిరిగేది. వెదురు బద్ద ఫెడీమని పడేది.

"చూడొద్దు! కళ్ళు ఎదురుగా. చేతులకి తెలుసు, కళ్ళతో పనిలేదు. మళ్ళీ."

కొన్నాళ్ళకి నా మణికట్టు మీద చర్మం కమిలి నీలంగా అయింది. మార్కెట్లో చేపలమ్మే ఆవిడ నా చెయ్యి చూసి, నన్ను ఎవరు కొడుతున్నారని గుసగుసగా అడిగింది. మా నాన్న అన్నాను. ఆవిడ రెండు చేపలు ఎక్కువ వేసింది.

పోటీ రోజు పొద్దున్నే ఉక్కపోత. కొండ కింద కొబ్బరితోట దాటాక రేంజి. మూడు వైపులా మట్టికట్టలు, మధ్యలో తడికెల గోడలు, వాటి వెనక అట్టబొమ్మలు. మా జట్టుకు రేంజి ఆఫీసరు మానాంగ్ విసీతా, అంటే విసీతక్క. ఒకప్పుడు లెక్కల టీచరు. ఎర్ర చొక్కా, వెడల్పాటి గడ్డి టోపీ, చేతిలో కూతపెట్టే గడియారం. ఆవిడ నడుముకున్న తుపాకీ మీద మా నాన్న కోడికత్తి ఉంటుంది. అయినా మా వైపు చూసి చిరునవ్వు కూడా నవ్వలేదు.

"కొత్తవాళ్ళు ముందుకి రండి," అంది. కొత్తవాళ్ళంటే నేనొక్కదాన్నే. "తుపాకీని ఒరలోంచి తియ్యడానికి రెండే చోట్లు. ఒకటి నా ముందు, నేను చెప్పాక. రెండోది అదుగో, ఆ బల్ల. తుడుచుకుంటావో, ముద్దులు పెట్టుకుంటావో, అక్కడికెళ్ళి చేసుకో, తూటా మాత్రం ముట్టుకోకూడదు. కింద పడితే నువ్వు తియ్యకు, నన్ను పిలువు. ఇంకెక్కడ ఒరలోంచి తీసినా నేను అరవను, తిట్టను. ఊరికే ఇంటికి పంపిస్తాను. అర్థమైందా?"

"అయింది మానాంగ్."

"అందరూ అయిందనే అంటారు," అంది ఆవిడ.

తాడు అవతల, రేకుల పందిరి కింద నాన్న ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన కొబ్బరాకు బుట్టలో అన్నం, ఎండుచేపలు. ఏమీ తినట్లేదు. నావైపు కూడా చూడట్లేదు. మట్టికట్టకేసి చూస్తున్నాడు.

మొదటి స్టేజికి నన్ను పిలిచారు. గీత దగ్గర నిలబడ్డాను. మానాంగ్ విసీతా నా భుజం వెనక, ఆవిడ ఊపిరి వినపడేంత దగ్గరగా ఉంది.

"నింపుకుని సిద్ధంగా ఉండు."

మ్యాగజైన్ పెట్టి, స్లయిడ్ లాగి వదిలి, పేలకుండా ఆపే మీట వేసి, ఒరలో పెట్టుకున్నాను. చేతులు పక్కకి వేలాడేశాను.

"సిద్ధమేనా?... కాసుకో..."

కూత వినపడింది. ఆ తర్వాత ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. తుపాకీ చేతిలో ఉంది, పేలుతోంది, నేను కదులుతున్నాను. బొమ్మ బొమ్మకి రెండేసి. నా బుర్రలో ఒకే ఒక్క మాట గిరగిరా తిరుగుతోంది. కదిలేటప్పుడు వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు, వేలు బయట, వేలు బయట. చివరి బొమ్మ దగ్గరికొచ్చేసరికి నేను ఊపిరి పీల్చడమే మరిచిపోయానని తెలిసింది.

"అయిపోతే ఖాళీ చేసి చూపించు."

ఖాళీ చేశాను, చూపించాను. ఆవిడ తొంగిచూసి తలూపింది. గీత దాటి వచ్చేసరికి అన్న నా వీపు మీద చరిచాడు.

"పిల్లా, బొమ్మల్ని కాల్చావా, దీవించావా? అంత మెల్లగానా?"

"గెంటించుకోలేదుగా," అన్నాను.

"అదీ నిజమే. మా తొడలన్నీ భద్రంగా ఉన్నాయి."

రెండో స్టేజిలో పడుకుని కాల్చాలి. తెల్లబొమ్మలకు తగిలితే మార్కులు పోతాయి. ఒక తెల్లబొమ్మ చెవి ఎగరగొట్టాను. అది మార్కుల నష్టమే, గెంటే తప్పు కాదు. మానాంగ్ విసీతా గొంతు మొదటిసారి లాగే చల్లగా ఉంది. "ఖాళీ చేసి చూపించు." బతికిపోయాను.

మధ్యలో వాన వచ్చి వెళ్ళింది. పందిరి రేకుల మీద నీళ్ళు ధారకడుతుంటే అందరూ నిలబడి కోడిమాంసం తింటున్నారు, ఒకళ్ళమీద ఒకళ్ళు జోకులేసుకుంటున్నారు. నాకు ముద్ద దిగలేదు. ఇంకొక్క స్టేజి ఉంది. అది దాటితే గవ్వ. తడబడితే మళ్ళీ ఎప్పుడో, ఇంకో తుపాకీ, ఇంకోసారి కోడికత్తి గుర్తు. నాన్న నా దగ్గరికి వచ్చాడు. ఏదో చెబుతాడనుకున్నాను. నా నడుముకున్న బెల్టు పట్టుకుని ఒకసారి లాగి చూసి, గట్టిగానే ఉందన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు.

మూడో స్టేజి అన్నిట్లోకీ పెద్దది. తడికెల సందులోంచి వెళ్ళాలి, ఒక కిటికీలోంచి కాల్చాలి, చివర ఇనుప పళ్ళేలు పడగొట్టాలి. బురద. నా బూట్లు నేలకి అంటుకుంటున్నాయి.

కూత.

కిటికీ దాకా బాగానే పోయింది. బాగానే ఏమిటి, నాకు ఆనందం వేసింది. చేతికి తుపాకీ అలవాటయింది, నేను చేసిన పిడి నా అరచేతికి సరిగ్గా అమరింది. రెండు, మళ్ళీ రెండు, అడుగు, మళ్ళీ రెండు. తడికె మూల తిరిగి పళ్ళేలు కనిపించగానే మొదటిది ఠంగున పడింది. రెండోదాని మీద గురి పెట్టి నొక్కాను.

ఏమీ లేదు. వేలి కింద మెత్తగా, చచ్చిపోయినట్టు.

ఇరుక్కుంది.

స్లయిడ్ పూర్తిగా ముందుకు రాలేదని నా బొటనవేలికి తెలిసింది. ఖాళీ తూటా బయటికి రాలేదు, లోపలే ఉండిపోయింది. దాని వీపుకి కొత్త తూటా వచ్చి గుద్దుకుంది. ఇది కూడా చూడకుండానే తెలిసింది. కానీ ఎందుకు? నా తుపాకీ అది. ఇసుక పీపాలోకి వందల తూటాలు కాల్చాను, ఒక్కసారి ఇలా చెయ్యలేదు. నేను కూర్చిన స్లయిడ్‌లో లోపమా? తూటా కూర్చునే గది నునుపు చాల్లేదా? తెలుసుకోవాలి. ఒక్క క్షణం వెలుగుకేసి వంచితే చాలు, తెలిసిపోతుంది. నా మణికట్టు కదలడం మొదలుపెట్టింది. నేను కదిలించలేదు. దానంతటదే కదులుతోంది, నా కుడిపక్కకి, సూర్యుడున్న వైపుకి.

వెనకాల మానాంగ్ విసీతా బూటు బురదలో చప్పుడు చేసింది. ఆవిడ ముందుకు వంగింది. నోరు తెరవబోతోందని నాకు వీపుతోనే తెలిసింది.

మణికట్టు మీద కమిలిన చోట సలుపు పుట్టింది. నిజంగా బద్ద పడ్డట్టే.

గొట్టం మూతి ఎదురుగా తెచ్చాను. కళ్ళు పళ్ళెం మీద పెట్టాను. స్లయిడ్ వెనక్కి లాగి ఆపాను. మ్యాగజైన్ పీకి బురదలోకి విసిరేశాను. లాగి వదిలాను, మళ్ళీ లాగి వదిలాను. రెండోసారికి ఖాళీ తూటా ఎగిరి నా చెంపకు తగిలింది. కొత్త మ్యాగజైన్, మళ్ళీ లాగడం. ఇదంతా ఎంతసేపు పట్టిందో, వెనక ఎవరో ఆవలించి ఉంటారు. పళ్ళెం పడింది. తర్వాతది పడింది. ఆఖరిది మూడోసారికి పడింది.

"అయిపోతే ఖాళీ చేసి చూపించు."

ఆ మాట ఇంత తియ్యగా ఉంటుందని నాకెప్పుడూ తెలియదు. ఖాళీ చేశాను, చూపించాను, ఒరలో పెట్టాను.

"స్టేజి పూర్తయింది," అందావిడ అందరికీ వినపడేట్టు. తర్వాత నాకొక్కదానికే వినపడేట్టు, "ఆపు అనబోయాను. గొంతు దాకా వచ్చింది," అంది.

అన్న నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు. "పిల్లా, ఆ పళ్ళెం దగ్గర నా ప్రాణం పోయింది! ఇంకా మిగతావాళ్ళు కాల్చాలి, కాసేపాగి వెళ్దాం. గవ్వ ఎక్కడ పెట్టావు, అగ్గిపెట్టె తెచ్చావా?" నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, ఏదో మాట్లాడుతున్నాను. పందిరి కిందికి వెళ్ళి నాన్న పక్కన కూలబడ్డాను.

నాన్న శభాష్ అనలేదు. ఆయన మొహంలో సంతోషం ఉంది, కానీ దాని వెనక ఇంకోటేదో ఉంది.

"ఎందుకిరుక్కుంది?" అన్నాడు.

"ఖాళీది బయటికి రాలేదు నాన్నా."

"రాకపోవడమేంటి? నీ గది అద్దంలా ఉంది, నేను చూశాగా."

"అదే నాకూ అర్థం కావట్లా."

"పట్టు జారిందా, అసలు పట్టలేదా? అంచు మీద గీత పడిందా? ఏదీ, చూపించు."

చెయ్యి చాపాడు. ఆ చెయ్యి ఎన్ని వేలసార్లు అలా నా ముందుకు చాపి ఉంటాడో. ఏదీ, చూపించు. నేను ఎన్ని వేలసార్లు ఆ చేతిలో ఏదో ఒక ముక్క పెట్టి ఉంటానో. పక్కనే ఇరవై అడుగుల దూరంలో బల్ల ఉంది. నాకు గుర్తు రాలేదు. ఆయనకీ గుర్తు రాలేదు. మా ఇద్దరి తలలూ తుపాకీ మీదికి వంగాయి. నేను స్లయిడ్ వెనక్కి లాగి వెలుగుకేసి వంచాను. నాన్న కళ్ళు చికిలించి చూసి, ఏమీ కనపడక, బొటనవేలి గోరు లోపలికి పోనిచ్చాడు. కొక్కెం కింద తడిమాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

ఆయన వేలు ఆగిపోయింది.

"అంచు వాలిపోయింది," అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "వంకరగా కోశాను. ఇది నీది కాదు ఇందాయ్. ఇది నా చెయ్యి."

తుపాకీ మీద గడ్డి టోపీ నీడ పడింది.

"నెలిదా," అంది మానాంగ్ విసీతా. నిజంగానే అరవలేదు. "చేతులు కదపకు. మూతి నేలకేసి ఉంచు. అలాగే నాకివ్వు."

అప్పటికి గానీ నా చేతిలో ఏముందో, నేనెక్కడ కూర్చున్నానో నాకు తెలియలేదు. ఆవిడ తుపాకీ తీసుకుని, గది చూసి, మూసి, నా సంచిలో పెట్టి జిప్పు వేసింది.

"విసీతా," అన్నాడు నాన్న లేచి నిలబడి. "తప్పు నాది. నేనడిగాను. పిల్లనొదిలెయ్."

"ఒరలోంచి తీసిందెవరు?"

"నేను," అన్నాను.

ఆవిడ నావైపు చూసి, నాన్నవైపు చూసి, టోపీ తీసి మొహం తుడుచుకుంది. "అదుగో ఆ బల్ల. దాన్ని కొట్టి ఇక్కడ పెట్టింది నువ్వే కదా క్రిస్పులో? కుర్రాళ్ళు ఎక్కడపడితే అక్కడ తుపాకులు తీస్తున్నారని తిట్టుకుంటూ మేకులు కొట్టావు." "నేనేం చెయ్యను చెప్పు. పేరు కొట్టేస్తున్నాను."

స్టేజీలన్నీ దాటాక, తుపాకీ ఒరలోకి చేరాక, తండ్రీ కూతుళ్ళు పందిట్లో కూర్చుని గెంటించుకున్న సంగతి ఈ కొండ కింద ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. అన్న ఎగతాళి చేస్తాడని పళ్ళు బిగించుకున్నాను. చెయ్యలేదు. నా సంచి తన భుజానికి తగిలించుకుని ముందు నడిచాడు.

దారిపొడుగునా నాకు కోపం. ఎవరిమీదో తెలియని కోపం. ఆయన అడగకపోతే? నేను తియ్యకపోతే? ఆ రోజు ఒక్కసారి గోటితో తడిమి ఉంటే? ఇంటికెళ్ళి అగ్గిపెట్టెని బల్ల సొరుగులో అన్నిటికంటే వెనక్కి తోసేసి పడుకున్నాను.

పొద్దున్న లేచేసరికి వర్క్‌షాపులో ఆకురాయి చప్పుడు లేదు. నాన్న నా బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు అలమరలోని తుపాకులన్నీ విప్పి పరిచి ఉన్నాయి. ఈ మధ్య ఆయన చేసినవి, ఇంకా బేరం పోనివి. కొక్కేలన్నీ తీసి ఒక సాసరులో పోశాడు.

"తడిమి చూడు," అన్నాడు.

తడిమాను. కొన్ని బాగున్నాయి. కొన్నిటి అంచు వాలి ఉంది. ఆయన నా మొహం చూస్తూనే ఉన్నాడు.

"ఇవి బయటికి పోవు," అన్నాడు. "ఏ పోలీసువాడో కొనుక్కుని, వాడికి రాత్రిపూట ఎక్కడో ఇరుక్కుంటే?" సాసరు పక్కకి తోశాడు. "నీకు గవ్వ ఇవ్వలేను ఇందాయ్. పద్ధతి పద్ధతే."

"నేనడిగానా?" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది.

"నువ్వడగవు. నా పొగరే నీకూ వచ్చింది. అడుగుతున్నది నేను." చొక్కా జేబులోంచి తన కోడికత్తి అచ్చు తీశాడు. పిడి దగ్గర ఆయన వేళ్ళు పట్టిపట్టి ఉక్కు నల్లగా నిగనిగలాడుతోంది. "ఆ అగ్గిపెట్టెలో దీనికి చోటుందా?"

అగ్గిపెట్టె సంగతి ఆయనకు తెలుసని నేననుకోలేదు.

"నాకూ అదే పద్ధతి," అన్నాడు. "నా చెయ్యి తప్పింది. కాబట్టి మొదట్నుంచీ మొదలు. ఒక తుపాకీ చేస్తాను. కొక్కెం నువ్వు కొయ్యి. వచ్చే పోటీకి రెండు పేర్లు రాయించమని పొద్దున్నే విసీతాకి ఫోను చేశాను. ఆవిడ ఏడ్చింది. పిచ్చిది."

"నీకు ఎదుట ఉన్న బొమ్మే కనపడదు కదా నాన్నా!"

"కనపడదు. గెలవక్కర్లేదుగా."

ఆ వారం నుంచే పెరట్లో పాఠం మొదలైంది. పాఠం నాకు కాదు. ఆయన ఇసుక పీపాకేసి నిలబడ్డాడు, నడుముకు అన్న బెల్టు కట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి. వెదురు బద్ద నా చేతిలో పెట్టాడు. ఆయన మ్యాగజైన్లో ఎక్కడో ఒక ఖాళీ తూటా పెట్టాను, ఎక్కడో చెప్పలేదు.

కొన్ని పేలాక ఇరుక్కుంది. నాన్న మణికట్టు మెల్లగా వెలుగుకేసి తిరగడం మొదలుపెట్టింది. డెబ్బై ఏళ్ళ మణికట్టు. నరాలు తేలి, చర్మం పల్చబడి, ఎండలో కాగితంలా ఉంది. దాన్ని కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఏడుపొచ్చింది. అయినా నన్ను ఒక్కరోజు కూడా ఆయన వదిలిపెట్టలేదని గుర్తొచ్చింది.

బద్ద ఎత్తి కొట్టాను, గట్టిగానే.

ఆయన స్స్ అని నోటితో గాలి పీల్చి, గొట్టం మూతి ఎదురుగా తెచ్చి, చూడకుండానే లాగి, వదిలి, మళ్ళీ లాగాడు. ఖాళీ తూటా ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది.

"మళ్ళీ పెట్టు," అన్నాడు.